వీడ్కోలునాటి కృతజ్ఞత

పెండ్లివారింట అప్పగింతలు ముగిసి, బంధువులు బండ్లెక్కి వెళ్లిన తరువాత ఇంటి యజమాని చేయవలసిన పని యొకటి మిగిలియుండును. మేళగాండ్రు, వంటవారు, పందిరి వేసినవారు, నీళ్లు మోసినవారు, విస్తళ్లెత్తినవారు పెరటివైపున నిలిచియుందురు. వారిని పేరుపేరున పిలిచి, పనిని మెచ్చుకొని, ఇయ్యవలసినది యిచ్చి పంపిననే గాని పెండ్లి సాంగముగా ముగిసినదని పెద్దలు తలపరు. శాసనసభలకును ఇట్టి ధర్మమే కలదు. సభాపతి తన పీఠమును వదలి వెళ్లునపుడు సహచరులకును సిబ్బందికిని కృతజ్ఞత చెప్పుట ఆచారము. ఆచార మగుటచేతనే అది తఱచుగా నాలుగు మర్యాదవాక్యములతో ముగిసిపోవును. వినువారును దానిని లెక్కచేయరు. అయినను మన దేశచరిత్రలో ఒకానొక వీడ్కోలు ప్రసంగము ఈ మర్యాద హద్దును దాటి, కృతజ్ఞత యనగా నేమో చూపినది. అది 1949వ సంవత్సరము నవంబరు 26వ తేదీ శనివారమునాడు భారత రాజ్యాంగ నిర్మాణ సభలో అధ్యక్షులు బాబూ రాజేంద్రప్రసాదుగారు చేసిన ప్రసంగము.

ఆ సభ యెట్టిదో మొదట జ్ఞప్తికి దెచ్చుకొందము. అది 1946 డిసెంబరు 9వ తేదీన క్రొత్తఢిల్లీలో తొలిసారి కూడెను. వయోవృద్ధులగు సచ్చిదానంద సిన్హాగారు తాత్కాలికాధ్యక్షులుగా నుండిరి. రెండు దినముల తరువాత, డిసెంబరు 11న, రాజేంద్రప్రసాదుగారు స్థిరాధ్యక్షులుగా నెన్నుకొనబడిరి. సభ మొదలైన నాటికి పరప్రభుత్వ మింకను తొలగలేదు. ముస్లిం లీగు సభ్యులు సభకు రాలేదు. సంస్థానముల ప్రతినిధులును అప్పటికి చేరలేదు. పని ముగియులోపల దేశము స్వతంత్రమైనది, రెండుగా చీలినది, లక్షలాది జనులు ఇల్లువాకిళ్లు విడిచి నిరాశ్రయులైరి, 1948 జనవరి 30న గాంధీమహాత్ముడు హతుడయ్యెను. ఇన్ని యుపద్రవముల నడుమ ఆ సభ పదునొకండు సమావేశములలో 165 దినములు కూర్చుండెను. అందు 114 దినములు రాజ్యాంగపు ముసాయిదా చర్చకే పట్టినవి.

రాజ్యాంగ సలహాదారులగు బెనెగళ్ నరసింగరావుగారు మొట్టమొదట సిద్ధపఱచిన చిత్తుప్రతిలో 243 అధికరణములును 13 షెడ్యూళ్లును ఉండెను. దానిని పరిశీలించుటకు 1947 ఆగస్టు 29న ఏర్పడిన ముసాయిదా సంఘము 315 అధికరణములు, 8 షెడ్యూళ్లు గల ప్రతిని సభ ముందుంచెను. తుదకు సభ ఆమోదించినప్పటికి అధికరణములు 395 అయ్యెను. ఈ నడుమ సభ్యు లిచ్చిన సవరణలు సుమారు 7,635. వానిలో 2,473 సభలో ప్రతిపాదింపబడి చర్చకు వచ్చెను.

ఈ అంకెలను మన మొక్క నిమిషములో చదివి వైచెదము. కాని వీని వెనుక నున్న చాకిరి నూహింపుడు. వచ్చిన ప్రతి సవరణకును వరుససంఖ్య వేయవలెను, అచ్చుకు పంపవలెను, అది యే అధికరణమునకు చెందునో చూచి క్రమమున నిలుపవలెను, సభ్యులకు వేళకు చేర్చవలెను. సభలో పలికిన ప్రతి మాటను వ్రాయసగాండ్రు వ్రాసికొనవలెను. రాత్రి యొక మాట మారినచో ఉదయమునకు ప్రతు లన్నియు మారవలెను. ఒక్క అల్పవిరామము తప్పినను రేపు న్యాయస్థానమున ఒకని హక్కు తారుమారు కావచ్చును. ఇట్టి పని చేసినవారికి సభలో కుర్చీ లేదు, ఓటు లేదు, ప్రసంగించు నధికారమును లేదు.

సభ చివరి ఘట్టమగు మూడవ పఠనము 1949 నవంబరు 17న ప్రారంభమయ్యెను. అధ్యక్షుల ప్రసంగమునకు ముందటి దినము, అనగా నవంబరు 25న, ముసాయిదా సంఘాధ్యక్షులగు డాక్టరు అంబేడ్కరుగారు చర్చకు ప్రత్యుత్తర మిచ్చిరి. ఆనాడు వారు ప్రజాస్వామ్యమును గూర్చి చేసిన హెచ్చరికలు లోకప్రసిద్ధములు. కాని ఆ ప్రసంగములో ఋణములను ఒప్పుకొనుటయు కలదన్న సంగతి తఱచుగా మఱచిపోవుచున్నాము. అణగారిన జాతుల ప్రయోజనములను కాపాడుటకంటె వేఱు ఆశయముతో తాను సభకు రాలేదనియు, ముసాయిదా సంఘమునకు తన్ను ఎన్నుకొన్నపుడు ఆశ్చర్యపడితి ననియు, అధ్యక్షునిగా నియమించినపుడు అంతకంటెను ఆశ్చర్యపడితి ననియు చెప్పుచు, ఆ సంఘములో తనకంటె పెద్దలు, తనకంటె సమర్థులు కలరని మొట్టమొదట పేర్కొన్నది అల్లాడి కృష్ణస్వామయ్యరుగారిని. ఆ అల్లాడివారు మన నెల్లూరు జిల్లా పుదూరులో జన్మించి, చెన్నపట్టణమున న్యాయవాదియై, అడ్వొకేటు జనరలు పదవి నలంకరించిన మహామేధావి. అంబేడ్కరుగారంతటివారు తన సరసను కూర్చున్నవానిని తనకంటె మిన్నయని సభాముఖమున చెప్పుట తెలుగువారము మనము గర్వముతో చెప్పుకొనదగిన విషయము.

అటుపిమ్మట అంబేడ్కరుగారు, రాజ్యాంగ నిర్మాణపు కీర్తి యంతయు తన్ను చేరదని స్పష్టముగా చెప్పిరి. తొలిప్రతిని వ్రాసిన నరసింగరావుగారికి కొంత, 141 దినములు కూర్చుండి పనిచేసిన సంఘసభ్యులకు కొంత పంచియిచ్చి, అంతకంటె పెద్దపాలు ప్రధాన లేఖకులగు ఎస్. ఎన్. ముఖర్జీగారికి చెందునని యనిరి. ఎంత చిక్కైన ప్రతిపాదననైనను తేటయైన న్యాయభాషలో నిలుపగల నేర్పు ముఖర్జీగారిదని కొనియాడిరి. ఆయన క్రింద అర్ధరాత్రి దాటువఱకు పనిచేసిన సిబ్బందినిగూడ మఱువలేదు.

ఇంతకంటె విశేష మొకటి కలదు. తనతో అడుగడుగునను వాదించిన సభ్యులకును అంబేడ్కరుగారు కృతజ్ఞత తెలిపిరి. కామత్, పంజాబురావు దేశముఖ్, సిధ్వా, శిబ్బన్‌లాల్ సక్సేనా, ఠాకూర్‌దాస్ భార్గవ, కె. టి. షా, హృదయనాథ కుంజ్రూ మున్నగు వారి పేళ్లు చెప్పి, వారి సూచనలను తాను అంగీకరింపలేకపోయినను అవి సభకు చేసిన యుపకారమునకు లోపము లేదనిరి. అందఱును తలలూపువారే యైనచో ఆ సభ వట్టి యాంత్రికముగా నడిచియుండునని వారి భావము. సాంకేతిక నియమముల పేరిట తన సవరణల కడ్డుతగిలిన సమయమున, నియమముయొక్క అక్షరమునకు కార్యమును బలియీయక తన్ను నిలిపినందులకు అధ్యక్షునికిని ప్రత్యేకముగా వందన మర్పించిరి. సహచరుడన్న మాటకు అర్థ మిక్కడ విస్తరించినది. మనతో కలిసి మోసినవాడే గాక, మనల నాపి యాలోచింపజేసినవాడును సహచరుడే. ఆ చివరి చర్చలోనే మన పట్టాభి సీతారామయ్యగారు అంబేడ్కరు మేధాశక్తిని మిట్టపల్లములను చదును చేయు ఆవిరి రోలరుతో పోల్చి హర్షము వెలిబుచ్చిరి. ఇట్లు ఆ దినములలో ఆ భవనమున గుణగ్రహణము ఒకరి నుండి యొకరికి ప్రవహించెను.

మఱునాడు అధ్యక్షుల వంతు వచ్చెను. రాజేంద్రప్రసాదుగారు ఉబ్బసవ్యాధిచే బాధపడుచుండెడివారు. వారు అస్వస్థులై సభకు రాలేనప్పుడు ఉపాధ్యక్షులగు డాక్టరు హరేంద్రకుమార ముఖర్జీగారు సభను నడిపిరి. మూడేండ్లు ఆ పీఠమునుండి సభను చూచిన మనిషి ఇపుడు లెక్క యొప్పగించుచున్నారు. నిజముగా లెక్కయే! ఆ సభకై నవంబరు 22వ తేదీవఱకు అయిన వ్యయము 63,96,729 రూపాయలని రూపాయలతో సహా చెప్పిరి. రాజ్యాంగ చర్చ జరుగుచున్న కాలమున సుమారు 53,000 మంది ప్రజలు ప్రేక్షకుల గ్యాలరీలలో కూర్చుండి వినిరనియు తెలిపిరి. ప్రజల సొమ్ముతో, ప్రజల కన్నుల యెదుట జరిగిన పని గనుక ఈ లెక్కలు ప్రజలకు చెందవలసినవే.

తరువాత రాజ్యాంగపు గుణదోషములను వివరించి, తన మనసులో మిగిలిపోయిన కొఱతలను రెంటిని దాచక చెప్పిరి. శాసనములను నడపువారికి అర్హతలు విధించుచు, శాసనములను చేయువారికి ఎన్నిక తప్ప వేఱు అర్హత విధింపలేకపోవుట మొదటి కొఱత. స్వతంత్ర భారతపు తొలి రాజ్యాంగము భారతీయ భాషలో వెలువడకపోవుట రెండవది. ఎన్నికైనవారు యోగ్యులును శీలవంతులును అయినచో లోపములున్న రాజ్యాంగమునైనను మంచిగా నడపుదురనియు, వారు అట్టివారు కానిచో రాజ్యాంగ మెంత మంచిదైనను దేశమునకు మేలు చేయలేదనియు వారు నొక్కి చెప్పిరి. ముందునాడు అంబేడ్కరుగారు చెప్పిన దానికిని ఇదియే సారము. కాగితముకంటె మనిషి ముఖ్యమని నమ్మినవారు కాగితము పూర్తియైననాడు మనుషులను తలచుకొనుట సహజము గదా!

ఇక ఆ తలచుకొన్న క్రమమును గమనింతము. మొదట సభ్యులందఱకు వందనము చెప్పిరి. వారినుండి తనకు మర్యాదయే గాక ప్రేమయు లభించినదనిరి. పిమ్మట ముసాయిదా సంఘమును పేర్కొనిరి. ఆరోగ్యము సరిగా లేకున్నను అంబేడ్కరుగారు చేసిన కృషిని తన పీఠమునుండి చూచినంతగా వేఱెవ్వరును చూచియుండరనియు, ఆయనను ఆ స్థానమున నియమించుటకంటె సరియైన నిర్ణయము సభ మఱొకటి చేసియుండలేదనియు చెప్పిరి. తరువాత జీతము గైకొనక గౌరవముగా పనిచేసిన నరసింగరావుగారు, ఆయనకు గ్రంథములు వెదకి విషయములు కూర్చిన పరిశోధకులు, ముఖర్జీగారు. ఆపైన సభా కార్యాలయమును తీర్చిదిద్దిన కార్యదర్శి హెచ్. వి. ఆర్. అయ్యంగారు, ఉపకార్యదర్శి జుగల్ కిశోర్ ఖన్నాగారు, వారి చేతిక్రింది సిబ్బంది. వారి పని సభ్యుల కంటబడనిదని అధ్యక్షులే యనిరి. పిదప దీర్ఘమైన చర్చలను అక్షరబద్ధము చేసిన రిపోర్టర్లు. ఆపైన అనువాదకులు, ఘనశ్యామసింహ గుప్తగారి అధ్యక్షతను ఆంగ్లపదములకు హిందీ సమానార్థకములు వెదకిన సంఘమువారు. కొలదిసేపటి క్రిందట భాషను గూర్చి తాను చెప్పిన కొఱతను తీర్చుటకు శ్రమపడినవారు వీరే. అటుపిమ్మట కాపలా అధికారులు, పోలీసులు, మార్షలు. చిట్టచివర బంట్రోతులు, వారికంటెను చిన్న పనులు చేసినవారు.

ఇంతవఱకు చెప్పి ఊరకున్నచో అదియొక చక్కని మర్యాద యనిపించుకొనును. రాజేంద్రప్రసాదుగారు అక్కడ ఆగలేదు. ఇవన్నియు చెప్పవలసిన యవసర మేమో వారే వివరించిరి. రాజ్యాంగ రచన ముగిసినది గనుక, తాత్కాలికముగా నియమింపబడిన ఆ సిబ్బందిలో చాలమందికి ఇక కొలువు ఉండదు. ఇతర శాఖలలోనికి తీసికొననిచో వారి జీవనము పోవును. వారు అనుభవము గలవారు, మనసుపెట్టి పనిచేయువారు గనుక ప్రభుత్వము వారిని ఇతరత్ర చేర్చుకొనునని ఆశించుచున్నానని అధ్యక్షులు సభలో బాహాటముగా పలికిరి.

ఈ మాట బరువు మనము గ్రహింపవలెను. అది నాయకులకు గొప్ప ఘడియ. చరిత్రలో తమ పేళ్లు నిలుచునని వారికి తెలియును. అదే ఘడియ బంట్రోతునకు కొలువు చాలించు ఘడియ. పని యెంత త్వరగా ముగిసిన నంత త్వరగా తమ యన్నము పోవునని తెలిసియు ఆ సిబ్బంది అర్ధరాత్రులు పనిచేసిరి. దేశమునకు పండుగయైన దినము వారి యిండ్లలో దిగులు కాకుండవలెనని పీఠముమీది మనిషి తలచెను. పని ముగిసిన పిదప పనివాని గతి యేమని అడుగని కృతజ్ఞత అరకొఱయే. ఆ ప్రసంగము దానిని పూర్ణము చేసెను. పైగా ఆ విన్నపము చాటున జరిగినది కాదు. దేశపు అత్యున్నత సభలో, శాశ్వతముగా అచ్చుపడు నివేదికలో చేరునట్లు చెప్పబడినది.

సిబ్బంది నిట్లు తనవారిగా భావించి మాటాడు నధికారము సభాపతికి ఎక్కడనుండి వచ్చినది? దీనికి ఇరువదియేండ్ల పూర్వపు కథ కలదు. ఆంగ్లేయ ప్రభుత్వకాలమున కేంద్ర శాసనసభ కార్యాలయ సిబ్బంది ప్రభుత్వ శాసనశాఖ చేతిలో నుండెడివారు. అనగా సభ యెవరిని ప్రశ్నింపవలెనో వారి నౌకరులే సభ పనిని నడుపుచుండిరి. 1925 ఆగస్టులో విఠలభాయి పటేలుగారు రెండు ఓట్ల ఆధిక్యముతో ఆ సభకు ఎన్నికైన తొలి భారతీయాధ్యక్షులైరి. సభకు స్వంత కార్యాలయము లేనిదే సభాపతికి స్వాతంత్ర్యము లేదని వారు పట్టుపట్టిరి. 1928 సెప్టెంబరులో మోతీలాల్ నెహ్రూగారు ప్రతిపాదించిన తీర్మానమును సభ ఆమోదించెను. 1929 జనవరి 10న శాసనసభకు వేఱుశాఖ ఏర్పడెను. ఆ యేటనే ఏప్రిల్ 8వ తేదీన భగత్‌సింగు, బటుకేశ్వర దత్తులు సభలో బాంబు విసరిన పిదప, సభాభవనమున కాపలా యెవరి యాజ్ఞకు లోబడవలెనన్న ప్రశ్న లేచెను. పటేలుగారు అందును వెనుదీయక సభకు స్వంత కాపలాశాఖను సమకూర్చిరి.

ఆ పటేలుగారు 1930 ఏప్రిల్ నెలలో పదవిని విడిచిరి. వారిది కృతజ్ఞతావచనములతో కూడిన వీడ్కోలు కాదు. దేశము ఉప్పు సత్యాగ్రహములో నున్న సమయమున వైస్రాయి లార్డు ఇర్విను పేర రాజీనామా వ్రాసి పంపి బయటికి నడిచిరి. కాని వారు విడిచిపోయిన కార్యాలయము నిలిచెను. 1949లో రాజేంద్రప్రసాదుగారు కాపలావారిని, కార్యాలయమువారిని తనవారని పేర్కొని మెచ్చుకొనుటకు పునాది పటేలుగారు వేసినదే. ఆ పునాది రాజ్యాంగములోనికిని ఎక్కినది. పార్లమెంటుయొక్క ప్రతి సభకును ప్రత్యేక కార్యాలయ సిబ్బంది యుండవలెనని 98వ అధికరణము, రాష్ట్రముల శాసనసభలకు నట్లే యుండవలెనని 187వ అధికరణము చెప్పుచున్నవి. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలలో సభాపతి ప్రక్కన కూర్చుండు కార్యదర్శి మొదలు తలుపుకడ నిలుచు కాపలావాని వఱకు ఈ యేర్పాటునకు వారసులే. ఈ సిబ్బంది ఏ పక్షమువారు అధికారమునకు వచ్చినను, ఏ సభాపతి పీఠమెక్కినను, దిగినను, సభకే కట్టుబడి పనిచేయవలసినవారు. దిగిపోవు సభాపతి వారికి చెప్పు కృతజ్ఞత ఆ నిష్పాక్షికతకు ఇచ్చు గౌరవము.

ఆ నవంబరు 26నాడు రాజ్యాంగమును సభ ఆమోదించెను. 1950 జనవరి 24న సభ చివరిసారి కూడెను. రాజేంద్రప్రసాదుగారు పోటీలేక తొలి రాష్ట్రపతిగా ఎన్నికైరని ప్రకటించినవారు ఆ సభ కార్యదర్శి అయ్యంగారే. ఆనాడే సభ్యులు రాజ్యాంగ ప్రతులమీద సంతకములు చేసిరి. అందు చేతివ్రాతతో, చిత్రములతో వెలయు ఆంగ్లప్రతిని వ్రాసినవారు ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయజాదాగారు. చిత్రించినవారు నందలాల్ బోసుగారును వారి శాంతినికేతన శిష్యులును. నరసింగరావుగారు తరువాత అంతర్జాతీయ న్యాయస్థానమున న్యాయమూర్తియై 1953లో పరమపదించిరి. ముఖర్జీగారు 1952లో రాజ్యసభకు తొలి కార్యదర్శియై 1963వఱకు ఆ పనిలో నుండిరి. అయ్యంగారు 1957లో రిజర్వు బ్యాంకు గవర్నరైరి.

2015వ సంవత్సరమునుండి నవంబరు 26వ తేదీని రాజ్యాంగ దినముగా దేశమంతట జరుపుచున్నారు. ఆ సభ కూడిన మందిరము గల పాత పార్లమెంటు భవనమునకు 2023లో సంవిధాన్ సదన్ అని పేరు పెట్టిరి. ఆ దినమున పాఠశాలలలో రాజ్యాంగ పీఠికను చదివించుటతో పాటు, అధ్యక్షుల ఆ చివరి ప్రసంగములో కృతజ్ఞత చెప్పిన భాగమునుగూడ చదివించుట మంచిదని తోచుచున్నది. సమానత్వమను మాటను పీఠికలో వ్రాసిన సభయే, విద్వాంసునికిని బంట్రోతునకును ఒకే ప్రసంగములో వందనము చెప్పినదని పిల్లలకు తెలియవలెను.

రాజ్యాంగ నిర్మాణ సభ చర్చలు పండ్రెండు సంపుటములుగా అచ్చయినవి. అందు నవంబరు 26వ తేదీ పుటలలో రిపోర్టర్లు తమ పనిని చక్కగా చేసిరన్న అధ్యక్షుల వాక్యము కలదు. ఆ వాక్యమును వినుచు, తలయెత్తకుండ వ్రాసికొన్నవారు ఆ రిపోర్టర్లే. తక్కిన వాక్యములను వ్రాసినంత శ్రద్ధగా దానినిగూడ వ్రాసి, మనకు అందించిరి.